పోటు చూసుకుని బయల్దేరు తల్లీ

తల్లీ,

బైనాక్యులర్స్ కొన్నావట, పిట్టల్ని చూడ్డానికి ఈ ఆదివారం బెజవాడ నుంచి సూర్యలంక బీచ్‌కి వెళ్తున్నావట. కార్తీకమాసం ఆదివారం అక్కడ కనిపించేది జనం, వాళ్ల పులిహోర పొట్లాల చుట్టూ కాకులు. ఇంకో రోజు పెట్టుకో.

అందరూ తెల్లారగట్లే వెళ్లమంటారు గానీ ఒడ్డు బురదలో తిరిగే ఉల్లంకి పిట్టలకి తెల్లారడంతో పనిలేదు, వాటికి కావాల్సింది బురద. ఆటు సమయంలో నీళ్లు తగ్గాక ఎక్కడెక్కడికో చెదిరిపోయి పురుగులు ఏరుకుంటాయి, ఎంత మంచి బైనాక్యులర్స్ పెట్టినా చుక్కలే. అందుకే నీళ్లు పూర్తిగా ఎక్కడానికి రెండు గంటల ముందే చేరి ఒకచోట కూర్చో, పోటు పెరిగేకొద్దీ అవే నీవైపు జరుగుతూ వస్తాయి. పోటు రోజూ ఓ 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. టైమింగ్స్ నెట్‌లో దొరుకుతాయి, నేనైతే నిజాంపట్నంలో వలలు బాగుచేసుకునే వాళ్లనే అడుగుతా. సాయంత్రం పోటు ఉన్న రోజైతే ఇంకా మంచిది, పొద్దున సముద్రం వైపు చూస్తే ఎండ కళ్లలో కొట్టి పిట్టలన్నీ నల్లటి బొమ్మల్లా ఉంటాయి.

మొదట్లో అన్నీ ఒకేలా కనిపిస్తాయి, పైన బూడిదరంగు, కింద తెలుపు. టెన్షన్ పడకు. రంగు వదిలేసి తిండి తినే తీరు చూడు. మన తీతువు చుట్టాలైన ప్లోవర్లు నాలుగడుగులు గబగబా పరిగెత్తి, టక్కున ఆగి, వంగి ఒక్కటి పొడిచి మళ్లీ పరుగు అందుకుంటాయి. స్టింట్‌లనే బుల్లి ఉల్లంకులు అలా కాదు, బియ్యంలో రాళ్లు ఏరే మీ నానమ్మలా తల ఎత్తవు. కర్లూని ఎవరైనా పోల్చుకుంటారు, కొడవలి ముక్కు.

గుంపంతా ఒక్కసారి లేచిందంటే పిట్టల్ని కాదు, ఆకాశాన్ని చూడు, వేటపక్షి ఏదో వచ్చి ఉంటుంది. రెక్కలు కాస్త పైకెత్తి గడ్డి మీదుగా తక్కువ ఎత్తులో తేలుతూ పోతే మార్ష్ హారియర్. చేపని తల ముందుకు వచ్చేలా పట్టుకుపోతే ఆస్ప్రే. గరుడపక్షి తెల్లతల అందరికీ తెలుసు గానీ దాని పిల్ల ముదురు గోధుమరంగులో ఉంటుంది, దాన్ని చూసి డేగ అని ఊరంతా చెప్పి నవ్వులపాలయ్యాను ఓసారి. తోక చూడాల్సింది: మామూలు గద్దకి చీలిక ఉంటుంది, దీనికి గుండ్రం.

ఫోటో కోసం గుంపు వెంట పడకు. స్టింట్ మహా అయితే 30 గ్రాములు, ఎండాకాలానికి ఆర్కిటిక్ దాకా ఎగరాలి, ఇక్కడ తిన్నదే దాని పెట్రోలు. బురదలోకీ దిగకు, నేను ఒంటి చెప్పుతో ఆటో ఎక్కిన రోజుంది.

ముందు రోజు రాత్రికి గుంటూరు వచ్చేయ్, పొద్దున ఉప్పలపాడు పక్షుల చెరువు దగ్గర పెలికాన్లని చూస్తూ బైనాక్యులర్స్ అలవాటు చేసుకుని మధ్యాహ్నం బాపట్ల బండెక్కుదాం. మార్చి చివర్లో కూడా ఓసారి వెళ్లాలి, అప్పటికి కొన్ని ప్లోవర్ల గుండె మీద ఇటుకరంగు దిగుతూ ఉంటుంది.

మీ పెదనాన్న