యాసిడ్ వర్షాల వల్ల వరి దిగుబడి తగ్గుతుందా?

మీ పొలం థర్మల్ ప్లాంటుకు దగ్గరని, నాట్లేసిన మూడు వారాలకు వరి ఆకుల మీద తుప్పు మచ్చలు వచ్చాయని, ఇది యాసిడ్ వర్షం పనేనా అని అడిగారు. మాదీ అలాంటి ఊరే, కళ్లంలో నిలబడితే ప్లాంటు గొట్టాలు కనిపిస్తాయి. వాన మీద నింద వేసే ముందు జింకు సంగతి చూడండి.

మా చిన్నాన్న మడిలో ఒక సార్వాలో అచ్చం ఇలాగే వచ్చింది. ఊళ్లో అందరూ పొగే అన్నారు. వెళ్లి చూస్తే వరి ఒక్కటే ఎర్రబారింది, గట్టు మీది గరిక, పక్కనున్న తుమ్మ నిగనిగలాడుతున్నాయి. పొగ వరిని ఏరి కొట్టదు కదా! ఒక ఆకు తెంపి వంచితే పుటుక్కున విరిగింది. అది జింకు లోపం గుర్తు. లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి, ఐదు రోజుల తేడాతో రెండుసార్లు కొట్టించాం. కొత్తాకు పచ్చగానే వచ్చింది. మీరు పురుగుమందుతో కలిపి మాత్రం కొట్టకండి.

గొట్టాల్లోంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ నేరుగా తగిలితే తీరు వేరు. ఈనెలు పచ్చగానే ఉండి, మధ్య భాగం పాలిపోయి ఎండుతుంది. గాలివాటున ఉన్న కలుపు మొక్కలు, చెట్లు కూడా దెబ్బతింటాయి.

ఇక వాన విషయం. మామూలు వాననీరే కొంచెం ఆమ్లంగా, పీహెచ్ 5.6 దగ్గర ఉంటుంది. అంతకన్నా తగ్గితేనే యాసిడ్ వర్షం అంటాం. ఆకు మీద మచ్చలు పడాలంటే సుమారు 3.5 కన్నా దిగాలి, అలాంటి వాన అరుదు. మన దగ్గర గాల్లో లేచే దుమ్ములో సున్నం ఉండి ఆ ఆమ్లాన్ని చాలావరకు విరిచేస్తుంది. మా బావ రొయ్యల చెరువుకు వాడే పీహెచ్ కిట్‌తో డాబా మీద పట్టిన నీళ్లు చూశాం, రంగు 6కీ 7కీ మధ్యే తేలింది. అలాగని అంతా బాగుందని కాదు. విశాఖపట్నంతో సహా పది చోట్ల వాతావరణ శాఖ 1987 నుంచి సేకరించిన నమూనాల్లో వాననీటి ఆమ్లత్వం పెరుగుతూ వచ్చింది.

అమెరికాలో 1980ల్లో ప్రభుత్వమే పదేళ్లు పరిశోధన చేయించింది. అక్కడ కురిసే స్థాయి యాసిడ్ వర్షంతో పంట దిగుబడి చెప్పుకోదగ్గంత తగ్గలేదని, నేల దగ్గరి గాల్లో ఉండే ఓజోన్ అనే వాయువు వల్లే ఎక్కువ నష్టమని తేలింది. ఓజోన్ కూడా ఈ పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్ల నుంచే ఎండలో తయారవుతుంది. దానికి వరి కన్నా గోధుమ, సోయా ఎక్కువ లొంగుతాయి. తమాషా ఏమిటంటే, యూరప్‌లో పొగ తగ్గాక, దాంతో పాటు పొలాలకు అందే గంధకం (సల్ఫర్) కూడా తగ్గి, ఆవజాతి పంటలకు చాలక వేయాల్సి వచ్చింది. మనం వేరుశనగకు జిప్సం వేసేదీ కొంత గంధకం కోసమే.

నేలకైతే వాన కన్నా ఏళ్ల తరబడి వేసే యూరియా, అమ్మోనియం సల్ఫేట్ తెచ్చే ఆమ్లత్వమే ఎక్కువ. మీది నల్లరేగడైతే దాని గురించి టెన్షన్ అక్కర్లేదు, అది తట్టుకుంటుంది. ఎర్ర చల్కా అయితే మట్టి పరీక్ష చేయించండి. పీహెచ్ 5.5 కన్నా తక్కువ వస్తేనే సున్నం గురించి ఆలోచించాలి, ఎంత వేయాలో పరీక్ష రిపోర్టు చూసి మీ వ్యవసాయాధికారి (ఏఓ) గారు చెబుతారు. ఆకుల మీద బూడిద పేరుకుంటోందా? అది వేరే ఫిర్యాదు. గాలివాటు, తేదీ రాసిపెట్టి, ఫొటోలు తీసి కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వండి, ఒక్కరే కాకుండా చుట్టుపక్కల రైతులందరి సంతకాలతో.