అమెరికా ఏలుబడిలో జపాన్: ఇచ్చిపుచ్చుకున్నారా, రుద్దారా?

యుద్ధం తర్వాత 1945 నుంచి 1952 దాకా అమెరికా సైన్యం జపాన్‌ను ఏలింది కదా, అప్పుడు రెండు సంస్కృతులూ ఇచ్చిపుచ్చుకున్నాయా, లేక గెలిచినవాడు తన అలవాట్లు రుద్దాడా అని అడిగారు. రాజ్యాంగం, బడి చదువులు, సెన్సారు ఇవన్నీ టోక్యోలో ఆ సైన్యాధిపతి జనరల్ మెకార్థర్ ఆఫీసు నుంచి దిగినవే. వాటిలో ఇచ్చిపుచ్చుకోవడం పెద్దగా లేదు. జనం ఇష్టపడి పట్టుకున్నవి మాత్రం ఎక్కువగా పొట్టకూటి కోసం పుట్టాయి. అటూ ఇటూ తిరిగినవి కూడా అవే.

నేను శ్రీసిటీలో ఒక జపాన్ ఆటో విడిభాగాల కంపెనీలో క్వాలిటీ సెక్షన్‌లో చేసేవాణ్ణి. ట్రైనింగ్ అని యొకొహామా పంపారు. అక్కడి నుంచి యొకొసుకా రైల్లో అరగంట. అమెరికా నేవీ బేస్ అక్కడ ఇప్పటికీ ఉంది. దాని దగ్గరే డొబుఇటా అనే వీధి, వీధి పొడుగునా సుకాజాన్ జాకెట్ల కొట్లు. ఒక కొట్టు పెద్దాయన ఒక జాకెట్టు తీసి, లోపలి వైపు బయటికి తిప్పి చూపించాడు. ఒకవైపు నిగనిగలాడే నీలం గుడ్డ మీద డ్రాగన్, రెండోవైపు దళసరి గుడ్డ మీద గద్ద. కటింగేమో అమెరికా బేస్‌బాల్ ఆటగాళ్ళ జాకెట్టుది. కుట్టుపనేమో కిర్యూ అనే నేత ఊరి వైపు కిమోనోలకు ఎంబ్రాయిడరీ చేసిన చేతులది. ఆ రోజుల్లో కిమోనో కొనే నాథుడు లేడు, ఇంటికెళ్ళే సోల్జర్‌కేమో గుర్తుగా ఏదో ఒకటి కావాలి. అమెరికావాడు దాన్ని జపాన్ వస్తువని కొన్నాడు. 1960ల్లో అదే జాకెట్టును జపాన్ కుర్రకారు అమెరికా స్టైలని వేసుకున్నారు! మా సూపర్‌వైజర్ గారికి చిన్నప్పుడు అది రౌడీల బట్ట అని ఇంట్లో కొననివ్వలేదట.

సంగీతమూ అంతే. యుద్ధంలో జాజ్ శత్రువుల సంగీతం. తీరా సైన్యం దిగాక క్లబ్బులకు రోజూ సాయంత్రం బ్యాండు కావాల్సి వచ్చింది. మంచూరియా నుంచి 1946లో ఉత్త చేతులతో తిరిగొచ్చిన తొషికో అకియొషి, బెప్పూలో సైనికుల డాన్సు హాల్లో పియానో వాయించి పొట్ట పోసుకుంది. 1956లో బోస్టన్‌లోని బర్‌క్లీ సంగీత విద్యాలయానికి చదవడానికి వెళ్ళింది. తర్వాత అమెరికాలోనే సొంత బిగ్ బ్యాండు పెట్టి, అందులోకి ‘నో’ అనే పాతకాలపు జపాన్ నాటకాల డోలు మోతను తెచ్చింది.

సెన్సారు సంగతి చెప్పకపోతే కథ సగమే. కొత్త రాజ్యాంగంలో సెన్సారు కూడదని రాయించినవాళ్ళే పత్రికల్ని, నాటకాల్ని సెన్సారు చేశారు. అణుబాంబు గురించి స్వేచ్ఛగా రాయనివ్వలేదు. అసలు సెన్సారు ఉందన్న మాట కూడా అచ్చు కాకూడదు. దొర కోసం ప్రాణాలిచ్చే కథలు యుద్ధకాలపు బుద్ధిని పెంచుతాయని జపాన్ సంప్రదాయ రంగస్థలమైన కబుకిలో చాలా నాటకాల్ని ఆపేశారు. మెకార్థర్ దగ్గర పనిచేసిన ఫోబియన్ బవర్స్‌కు మాత్రం యుద్ధానికి ముందు నుంచే కబుకి పిచ్చి. ఆయన సెన్సారు విభాగంలోకి మారి ఒక్కొక్కదాన్నీ వదిలిపెట్టించాడు. 1947 చివర్లో చుషింగురా (చనిపోయిన దొర కోసం పగ తీర్చుకునే సమురాయ్ వీరుల నాటకం) మళ్ళీ రంగస్థలం ఎక్కింది. కబుకిని ఆయనొక్కడే కాపాడాడన్న కథ కాస్త ఎక్కువే, నటుల, కంపెనీల పట్టుదల తక్కువేం కాదు. ఏదేమైనా 1960లో కబుకి బృందం అమెరికా వెళ్ళినప్పుడు ప్రేక్షకులకు ఇయర్‌ఫోన్లలో కథ చెప్పింది ఆ బవర్సే.

నా వృత్తికి దగ్గరిది డెమింగ్ కథ. ఆయన అమెరికాకు చెందిన గణాంకాల మనిషి, 1947లో జనాభా లెక్కల పని మీద సైనిక ప్రభుత్వం పిలిస్తే వచ్చాడు. 1950లో అక్కడి ఇంజనీర్ల సంఘం మళ్ళీ పిలిపించి క్వాలిటీ మీద పాఠాలు చెప్పించుకుంది. ఆ పాఠాల పుస్తకం మీద వచ్చిన డబ్బు ఆయన తీసుకోనంటే, దాంతోనే 1951లో డెమింగ్ ప్రైజు పెట్టారు. సొంత దేశం ఆయన్ను గుర్తించింది 1980లో, అదీ అక్కడి ఎన్‌బీసీ చానెల్ వాళ్ళు టీవీలో చూపించాక. 1984 నాటికి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ వాళ్ళు టొయోటా దగ్గర పని నేర్చుకుంటున్నారు. శ్రీసిటీలో లైన్ పక్కన నిలబడి కంట్రోల్ చార్టులో (తయారీ అదుపు తప్పుతోందేమో చూపించే గ్రాఫు) చుక్కలు పెడుతూ జపాన్ వాళ్ళ చాదస్తం అని తిట్టుకునేవాళ్ళం. ఆ చార్టు పుట్టింది అమెరికాలో, బెల్ టెలిఫోన్ సంస్థల్లో!

ఇదంతా చదివి ఆక్రమణ మంచిదే అనుకునేరు. జపాన్‌కు దక్షిణం కొసన ఉన్న ఒకినావా దీవుల్లో అది 1952తో అయిపోలేదు, 1972 మే 15 దాకా సాగింది. దేశం నేలలో ఆ దీవులు 0.6 శాతమే. జపాన్‌లో అమెరికా సైన్యం ఒక్కటే వాడుకునే స్థలంలో మాత్రం దాదాపు 70 శాతం ఇప్పటికీ అక్కడే. సైనికుల కోసం బేస్ బయట కిన్ అనే ఊళ్ళో 1980ల్లో పుట్టిన టాకో రైస్‌ను (అన్నం మీద మెక్సికన్ ఖీమా, చీజ్, లెట్యూస్) ఇప్పుడు ఒకినావా వంటకం అనే అమ్ముతారు. నాతో పనిచేసిన ఒకినావా అమ్మాయికి అదంటే ప్రాణం. వాళ్ళ తాతగారి పొలం బేస్ కంచె లోపలే ఉండిపోయింది. ఏటేటా ప్రభుత్వం నుంచి కౌలు వస్తుంది. పొలం వెనక్కిస్తారా అంటే మాత్రం ఎవరూ సమాధానం చెప్పరట.