కొత్త కన్వర్షన్ పెట్టినా పాత ఎర్రరే వస్తోందంటే

మీరు అడిగింది ఇది: విండోస్-1252 (అక్షరాలను బైట్లుగా రాసే ఒక పాత పద్ధతి, అంటే ఎన్‌కోడింగ్) అనుకున్న ఫైలును యూటీఎఫ్-8 (అన్ని భాషలకూ పనికొచ్చే ఎన్‌కోడింగ్) డేటాబేస్‌లోకి కాపీ చేస్తుంటే, 81 బైటుకు సమానమైన అక్షరం లేదని డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ ఆపేస్తోంది. ఒక ఎన్‌కోడింగ్ నుంచి మరోదానికి మార్చే సొంత ఫంక్షన్ రాసి, దాన్నే వాడమని క్రియేట్ డిఫాల్ట్ కన్వర్షన్ కమాండ్ ఇచ్చారు. కమాండ్ పనిచేసింది కానీ ఎర్రర్ పోలేదు.

కారణం సెర్చ్ పాత్, అంటే ఏ స్కీమాలో ముందు వెతకాలో చెప్పే వరస. స్కీమా అంటే డేటాబేస్ లోపల ఒక అర లాంటిది. డిఫాల్ట్ అనేది ఒక్కో స్కీమాకు విడిగా ఉంటుంది. సర్వర్ సెర్చ్ పాత్ వరసలోనే వెతుకుతుంది. మీరు రాయకపోయినా అందులో పోస్ట్‌గ్రెస్ సొంత స్కీమా పీజీ_క్యాటలాగ్ ముందు నిలబడుతుంది, కాబట్టి మీ ఫంక్షన్ దాకా రాదు. ముందు మీ స్కీమా, తర్వాత పీజీ_క్యాటలాగ్ అని పాత్ సెట్ చేసి, ఆ తర్వాత క్లయింట్ ఎన్‌కోడింగ్‌ను (మీ వైపు నుంచి వచ్చే డేటా ఏ ఎన్‌కోడింగ్‌లో ఉందో చెప్పే సెట్టింగ్) మళ్లీ సెట్ చేయండి. ఏ ఫంక్షన్ వాడాలో అప్పుడే తేలుతుంది.

కానీ దయచేసి ఒక్క నిమిషం ఆగండి. నేనూ సరిగ్గా ఇదే చేసి డేటా పోగొట్టాను.

ఎర్రర్‌లోని 81 హెక్సాడెసిమల్ (పదహారు ఆధారంగా లెక్కించే) అంకె, మామూలు లెక్కలో 129. విండోస్-1252లో 129, 141, 143, 144, 157 విలువలకు అక్షరాలే లేవు. ఇప్పుడు యూటీఎఫ్-8లో మన కొమ్ము చూడండి: 224, 177, 129. పొల్లు: 224, 177, 141. అంటే మామూలు యూటీఎఫ్-8 ఫైలును విండోస్-1252 అని చదివిస్తే, ‘తెలుగు’ అన్న మాటలో ‘తె’ దాటి ‘లు’ కొమ్ము దగ్గరే ఆగిపోతుంది. నా ఫైలు అదే. నాకది తట్టలేదు. అర్థంకాని బైటు వస్తే ప్రశ్నార్థకం పెట్టేలా సీ భాషలో ఫంక్షన్ రాశాను. లోడ్ సాఫీగా అయిపోయింది. పేర్లన్నీ పిచ్చి గుర్తులుగా కనిపించాయి. వెనక్కి తిప్పుదామంటే కొమ్ము, పొల్లు రెండూ 224, 177, ప్రశ్నార్థకంగా మారి ఉన్నాయి. ఏది ఏదో చెప్పే దారి లేదు. అసలు ఫైలు ఉండబట్టి మళ్లీ లోడ్ చేయగలిగాను.

అందుకే ముందు ఫైలులో ఆ 129కి ముందున్న రెండు బైట్లు చూడండి. 224, 177 గానీ 224, 176 గానీ ఉంటే అది తెలుగు యూటీఎఫ్-8 అని దాదాపు ఖాయం. క్లయింట్ ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8 చేస్తే చాలు, కన్వర్షన్ అక్కర్లేదు.

నిజంగానే విండోస్-1252 అయి, అక్కడక్కడ చెత్త బైట్లు ఉంటే అప్పుడు మీ దారి సరైనదే. రెండు దిశలకూ రెండు కన్వర్షన్లు, వేర్వేరు పేర్లతో పెట్టండి. పోస్ట్‌గ్రెస్ 14 నుంచి ఫంక్షన్‌కు ఆరో ఆర్గ్యుమెంట్‌గా బూలియన్ (అవును/కాదు విలువ) వచ్చింది, ఎన్ని బైట్లు మార్చిందో పూర్ణాంకంగా తిరిగివ్వాలి కూడా. పాత ఉదాహరణలు చూసి రాస్తే కుదరదు. ప్రశ్నార్థకం మాత్రం పెట్టకండి, అసలు డేటాలో ఉండే గుర్తుతో కలిసిపోతుంది. యూనికోడ్‌లో 65533 నంబరు గుర్తు ఇందుకే ఉంది, అది వాడితే పోయిన చోట్లు తర్వాత వెతికి పట్టుకోవచ్చు.