ఆ 19-18 ఆట దగ్గర మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

మారిస్ పొడొలాఫ్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆటగాళ్ల గురించి అందరూ రాస్తారు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏకి తొలి ప్రెసిడెంట్ అయిన ఆయన గురించి రాయాలన్న ఆలోచన నీకు రావడం నాకు చాలా సంతోషంగా ఉంది.

కానీ నువ్వు 1890లో ఆయన పుట్టుక దగ్గర మొదలుపెట్టి, యేల్‌లో లా చదువు, పదవులు అన్నీ వరుసగా పేర్చుకుంటూ పోయావు. అది బయోడేటా అయింది. 1950 నవంబర్ 22 రాత్రి మినియాపొలిస్‌లో మొదలుపెట్టి చూడు. అక్కడి జట్టు లేకర్స్‌కి ఆరడుగుల పదంగుళాల జార్జ్ మైకన్ ఉన్నాడు. అతని చేతికి బంతి చిక్కకూడదని ఫోర్ట్ వేన్ పిస్టన్స్ వాళ్లు బంతిని పట్టుకుని కూర్చున్నారు. జనం గోల చేస్తున్నా లెక్కచేయలేదు. నాలుగో క్వార్టర్ మొత్తంలో రెండు జట్లకీ కలిపి నాలుగే పాయింట్లు. చివరికి 19-18తో పిస్టన్స్ గెలిచారు. టికెట్ కొనుక్కుని వచ్చినవాడి పక్కన పాఠకుణ్ని కూర్చోబెట్టు. అప్పుడు పొడొలాఫ్ టెన్షన్ ఏమిటో నువ్వు చెప్పకుండానే అర్థమవుతుంది.

ఆయనకు ఆ పదవి ఇచ్చింది స్టేడియంల యజమానులు. ఐస్ హాకీ లేని రాత్రుళ్లు హాళ్లు ఖాళీగా ఉంటున్నాయని 1946 జూన్‌లో న్యూయార్క్‌లో కూర్చుని బీఏఏ అనే బాస్కెట్‌బాల్ లీగ్ పెట్టారు. అప్పటికే హాకీ లీగ్ నడుపుతున్న ఈయన్ని తెచ్చుకున్నారు. 1949లో పోటీ లీగ్‌ని కలుపుకుని ఎన్‌బీఏ అయ్యాక 17 జట్లు ఉండేవి. 1955 నాటికి ఎనిమిదే మిగిలాయి. ఈ పతనం నీ వ్యాసంలో ఒక్క వాక్యంలో అయిపోయింది. అసలు కథ అక్కడే ఉంది, నిదానంగా రాయి.

ఇంకొకటి. బంతి చిక్కిన జట్టు 24 సెకన్లలోపు షాట్ వేసి తీరాలనే గడియారం పొడొలాఫ్ ఆలోచన అన్నట్టు రాశావు. కాదు నాయనా, అది సిరక్యూస్ జట్టు యజమాని డానీ బియాసోన్ చలవ. ఆయన లెక్క చాలా సులువు: మంచి ఆటలో రెండు జట్లూ కలిపి 120 షాట్లు వేస్తాయి, ఆట 2,880 సెకన్లు, భాగిస్తే 24. పొడొలాఫ్ హయాంలో 1954లో అది అమల్లోకి వచ్చింది. సీజన్ తిరిగేసరికి ఆటకి ఒక్కో జట్టు సగటు 79 నుంచి 93 పాయింట్లకు పెరిగింది. ఎవరి ఘనత వాళ్లకే ఇవ్వు. పొడొలాఫ్ దానివల్ల చిన్నబోడు.

తిరగరాశాక అచ్చుకి ఇచ్చేముందు నాకోసారి చదివి వినిపించు, ఫోన్‌లోనైనా సరే. ఆ నాలుగో క్వార్టర్ నీ నోట వినాలని ఉంది.