మొదటి పేరా దగ్గరే ఆగిపోతుంటే (సమాధానం)

అసైన్‌మెంట్‌లో మొదటి పేరానే చెరిపి చెరిపి రాస్తూ గడువు దాటిపోతోందనీ, రెండు మార్కులు తగ్గినా నిద్ర పట్టదనీ రాశారు. ఇది బద్ధకం కాదండీ, పరిపూర్ణతావాదం, అంటే ఏ లోపమూ ఉండకూడదనే పట్టుదల. మనస్తత్వవేత్తలు హ్యూయిట్, ఫ్లెట్ 1991లో దీన్ని మూడు రకాలుగా విడదీశారు: మన నుంచి మనం ఆశించేది, ఎదుటివాళ్ల నుంచి ఆశించేది, లోకం మన నుంచి ఆశిస్తోందని నమ్మేది. మనిషిని బాగా కుంగదీసేది ఈ మూడోదే. ‘అందరూ ఏమనుకుంటారో’ అని మీరు నాలుగు చోట్ల రాశారు, చూసుకోండి.

టైమర్ 25 నిమిషాలకు పెట్టి, బ్యాక్‌స్పేస్ ముట్టకుండా రాయండి. నచ్చని చోట చుక్క గుర్తు పెట్టి ముందుకెళ్లండి. రాయడం, దిద్దడం ఒకేసారి పెట్టుకుంటే ఏదీ సాగదు. దిద్దుబాటు మర్నాడు, అదీ రెండుసార్లే. ఎక్కడ ఆపాలో ముందే తేల్చుకోండి: ప్రశ్నలో అడిగినవన్నీ వచ్చాయా, అంతే. ఈ హద్దు పెట్టుకోకపోతే మూడోసారి, నాలుగోసారి దిద్దుతూనే ఉంటారు.

మార్కులు తగ్గిన రోజు, ఏం జరుగుతుందని భయమో ఒక వాక్యంలో రాయండి. వారం తర్వాత నిజంగా జరిగింది పక్కన రాయండి. ఉత్త ధైర్యవచనాలకన్నా ఇదే నయం.

దిగులు, నిద్రలేమి 2 వారాలు దాటితే కౌన్సెలర్‌ను కలవండి. బతకాలని లేదనిపిస్తే మాత్రం ఆ క్షణమే ఎవరికైనా చెప్పండి, ఒంటరిగా ఉండకండి.