స్కూలుకు సీబీఎస్ఈ అఫిలియేషన్ ఉందో లేదో అంతగా పట్టించుకోవాలా?

మా అమ్మాయి పదో తరగతి మార్కుల మెమో మీద తను ఒక్కరోజు కూడా అడుగుపెట్టని స్కూలు పేరుంది. పట్టించుకోవాలో వద్దో ఇక మీరే చెప్పండి.

మేం చేర్పించిన స్కూలు బోర్డు మీద 'సీబీఎస్ఈ సిలబస్' అని పెద్దక్షరాలుండేవి. సిలబస్ వేరు, అఫిలియేషన్ (స్కూలును తన కింద చేర్చుకుంటూ బోర్డు ఇచ్చే అనుమతి) వేరని మాకు తట్టలేదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు కొని పెడితే ఆ సిలబస్ ఎవరైనా చెప్పొచ్చు. పిల్లల్ని బోర్డు పరీక్షకు పంపాలంటే మాత్రం అఫిలియేషన్ ఉండాల్సిందే. పైగా పదో తరగతి పరీక్ష రాయాలంటే తొమ్మిదిలోనే బోర్డు దగ్గర పేరు రిజిస్టర్ కావాలి.

మా స్కూలు బండారం బయటపడిందీ అక్కడే. సంతకం పెట్టమని అమ్మాయి ఓ ఫారం తెచ్చింది. పైన ఇంకేదో స్కూలు పేరుంది. అచ్చుతప్పేమో అనుకుని వెళ్లి అడిగాను. క్లర్కు తలెత్తకుండానే "అది మా సిస్టర్ స్కూలే సార్, అందరివీ అలాగే వెళ్తాయి, టెన్షన్ పడకండి" అన్నాడు. ప్రిన్సిపల్ గారేమో "అఫిలియేషన్‌కు అప్లై చేశాం, వచ్చేస్తుంది" అన్నారు. అప్పటికి సగం ఏడాది గడిచిపోయింది, టీసీ తీసుకుని ఎక్కడికి పోతాం? సంతకం పెట్టేశాను.

అడ్మిషన్ రోజున మేమడిగినవేంటో తెలుసా? ఏసీ ఉందా, బస్సు ఇంటి ముందు ఆగుతుందా! అఫిలియేషన్ నంబరు అడిగినవాడు ఒక్కడూ లేడు. ప్రభుత్వ గుర్తింపు లేకుండా స్కూలు నడిపితే లక్ష రూపాయల దాకా, ఆ తర్వాత కూడా నడిపితే రోజుకు పదివేలు జరిమానా అని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది. కట్టినవాణ్ణి నేనైతే చూడలేదు. అయినా ఆ గుర్తింపు స్కూలు నడుపుకోవడానికే, బోర్డు అఫిలియేషన్ వేరే తెచ్చుకోవాలి. ఈ రెండూ ఒకటేనని మా బావమరిది ఇప్పటికీ వాదిస్తాడు, వాళ్లబ్బాయి ఏడో తరగతిలో ఉన్నాడు.

మీరు మాత్రం అఫిలియేషన్ నంబరు అడిగి, సీబీఎస్ఈ వాళ్ల సారస్ పోర్టల్‌లో సరిచూసుకోండి. పేరొక్కటే కాదు, అడ్రసూ గడువూ కూడా చూడండి. సెకండరీ అని ఉంటే పదితో సరి, పన్నెండు దాకా కావాలంటే సీనియర్ సెకండరీ అని ఉండాలి.

ఇంటర్లో చేర్చడానికి వెళ్తే అక్కడి క్లర్కు మెమో చూసి, "ఈ స్కూలు ఎక్కడుందమ్మా?" అని మామూలుగానే అడిగాడు. అమ్మాయి నా వైపు చూసింది. నాకూ తెలియదు.