న్యూయార్క్‌లో మంచి బేగెల్ ఎక్కడ దొరుకుతుంది? – పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: ఉద్యోగరీత్యా ఇటీవలే న్యూయార్క్‌కు మారాము. ఇక్కడ ఎవరిని అడిగినా తమ ఇంటి దగ్గరి బేగెల్ (మధ్యలో రంధ్రం ఉండే గుండ్రని రొట్టె) దుకాణమే నగరం మొత్తానికి మేలైనదని చెబుతున్నారు. రేటింగులు చూసుకుని మాన్‌హాటన్‌లో బాగా పేరున్న రెండు చోట్లకు వెళ్లి, చాలాసేపు వరుసలో నిలబడి కొన్నాము. ఒకచోటి బేగెల్ దవడలు నొప్పి పుట్టేంత గట్టిగా ఉంది, రెండోది మామూలు బ్రెడ్డు కన్నా మెత్తగా ఉంది. అసలు మంచి బేగెల్ ఎలా ఉండాలి? దాన్ని వెతుక్కోవడానికి ఒక పద్ధతి ఉందా?
– ఒక పాఠకురాలు, లాంగ్ ఐలండ్ సిటీ

జవాబు: మీరు తిన్న రెండింటిలో ఏదీ నాసిరకం అయి ఉండనక్కరలేదు. న్యూయార్క్‌లో ఇప్పుడు బేగెల్ పేరుతో రెండు తీరుల రొట్టెలు అమ్ముడవుతున్నాయి. వాటిలో మీకు ఏది ఇష్టమో ముందుగా తేల్చుకోకపోతే ఎవరు ఇచ్చిన జాబితా పట్టుకుని తిరిగినా ఇలాగే ఒకసారి గట్టిది, ఒకసారి మెత్తది ఎదురవుతూ ఉంటుంది.

మొదటిది పాతకాలపు బేగెల్. పందొమ్మిదో శతాబ్దం చివర తూర్పు ఐరోపా నుంచి, ముఖ్యంగా పోలండ్ ప్రాంతం నుంచి వలస వచ్చిన యూదులు దీన్ని మాన్‌హాటన్‌లోని లోయర్ ఈస్ట్ సైడ్‌కు తెచ్చారు. అది చిన్నది, బరువు అరవై నుంచి ఎనభై గ్రాముల వరకు ఉండేది, పైపొర గట్టిగా, లోపలి భాగం దట్టంగా ఉండి బాగా నమలవలసి వచ్చేది. రెండోది ఇప్పుడు ఎక్కువ దుకాణాల్లో కనిపించే పెద్ద బేగెల్. ఇది నూట పది గ్రాముల నుంచి నూట యాభై గ్రాముల దాకా, కొన్నిచోట్ల అంతకు మించి కూడా తూగుతుంది. ఉబ్బి ఉంటుంది, మధ్య రంధ్రం దాదాపు పూడుకుపోయి ఉంటుంది, క్రీమ్ చీజ్‌ను (రొట్టె మీద పూసుకునే మెత్తని చీజ్) దండిగా పూసుకోవడానికి అనువుగా ఉంటుంది.

ఈ మార్పు ఎలా వచ్చిందో తెలిస్తే దుకాణాన్ని అంచనా వేయడం తేలికవుతుంది. ఇరవయ్యో శతాబ్దం మధ్యభాగం వరకు నగరంలో బేగెళ్ల తయారీ దాదాపు పూర్తిగా ‘లోకల్ 338’ అనే కార్మిక సంఘం చేతిలో ఉండేది. అందులో సుమారు మూడు వందల మంది సభ్యులు మాత్రమే ఉండేవారు, పని సాధారణంగా తండ్రి నుంచి కొడుకుకు వచ్చేది, ప్రతి బేగెల్‌నూ చేత్తోనే చుట్టేవారు. 1951 డిసెంబరులో జరిగిన వివాదం వల్ల నగరంలోని బేగెల్ బట్టీలు చాలావరకు మూతపడినప్పుడు పత్రికలు దాన్ని బేగెళ్ల కరువుగా వర్ణించాయి. 1960ల తొలినాళ్లలో డేనియల్ థాంప్సన్ రూపొందించిన బేగెల్ యంత్రం ఈ వ్యవస్థను మార్చివేసింది. కనెటికట్ రాష్ట్రంలోని లెండర్స్ సంస్థ ఆ యంత్రాన్ని అద్దెకు తీసుకుని, గడ్డకట్టించిన బేగెళ్లను దేశమంతటికీ పంపింది. గట్టి పిండిని యంత్రం గుండా పోనివ్వడం కష్టం కనుక పిండి మెత్తబడింది. కొత్త కొనుగోలుదారులకు కూడా మెత్తదనమే నచ్చింది. బేగెల్ ఊరూరా దొరకసాగింది, కానీ దాని గట్టిదనం మాత్రం చాలాచోట్ల పోయింది.

ఇక నాణ్యత విషయానికి వస్తే, చిన్నదైనా పెద్దదైనా మంచి బేగెల్‌కు రెండు పనులు తప్పనిసరిగా జరిగి ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఒకటి, చుట్టిన పిండిని కనీసం ఒక రాత్రంతా చల్లని గదిలో నిదానంగా పులియనివ్వడం. రుచి ఎక్కువగా అక్కడే పుడుతుంది. బేగెల్ పైన కనిపించే చిన్న చిన్న బుడగలు కూడా ఆ చలిలో గడిపిన కాలానికి గుర్తులే. రెండోది, కాల్చడానికి ముందు మరుగుతున్న నీటిలో, సాధారణంగా బార్లీ మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ నుంచి తీసే పాకం) కలిపిన నీటిలో, అర నిమిషం నుంచి ఒక నిమిషం వరకు ఉడికించడం. వేడినీరు తగలగానే పైభాగంలోని పిండిపదార్థం జిగురుగా మారి ఒక పొరలా బిగుసుకుంటుంది. ఆ తర్వాత ఓవెన్‌లో బేగెల్ అతిగా పొంగకుండా ఆ పొర అడ్డుపడుతుంది కాబట్టే లోపల దట్టంగా ఉంటుంది. మాల్ట్ వల్ల రంగూ మెరుపూ వస్తాయి. ఖర్చు తగ్గించుకోవాలనుకునే దుకాణాలు ఈ ఉడికించే పనిని మానేసి, ఆవిరి వదిలే ఓవెన్‌లో నేరుగా కాల్చేస్తాయి. పైచర్మం పలుచగా, కాంతిహీనంగా ఉండి, వేలితో నొక్కితే లోతుగా కుంగిపోయి, అడుగున జాలీ ట్రే తాలూకు చుక్కల గుర్తులు కనిపిస్తే అది చాలావరకు అటువంటి బేగెల్ అని ఊహించవచ్చు. ఉడికించి కాలుస్తారా అని దుకాణంలో నేరుగా అడగండి. ఆ పని చేసేవారు సంతోషంగా చెబుతారు. చాలామంది ఆ మాటను బోర్డు మీదే రాసుకుంటారు.

పోల్చి చూడాలంటే అన్నిచోట్లా ఒకే రకం కొనాలి. సాదా బేగెల్ గానీ నువ్వుల బేగెల్ గానీ తీసుకుని, టోస్ట్ చేయించకుండా, ఏమీ పూయించకుండా మొదటి రెండు మూడు ముక్కలు తిని చూడండి. గసగసాలు, నువ్వులు, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు అన్నీ అద్దిన ‘ఎవ్రీథింగ్’ బేగెల్ నాకు ఎంతో ఇష్టమైనదే అయినా పరీక్షకు పనికిరాదు, ఎందుకంటే వెల్లుల్లి ఘాటులో పిండి రుచిలోని లోపాలు దాగిపోతాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది వేళ. బేగెల్ పిండిలో వెన్న, నూనె వంటివి దాదాపు ఉండవు కాబట్టి అది కొన్ని గంటల్లోనే బిరుసెక్కుతుంది. ఉదయం ఏడు గంటలకు ఓవెన్ నుంచి దిగిన సాధారణ బేగెల్, ఎంతో పేరున్న దుకాణంలో మధ్యాహ్నం రెండు గంటల దాకా బుట్టలో మిగిలిపోయిన బేగెల్ కన్నా బాగుంటుంది. మీ పరిచయస్తులందరూ తమ వీధి దుకాణాన్నే మెచ్చుకోవడానికి కారణం కేవలం అభిమానం కాదు, వారు దాన్ని వేడిగా తింటున్నారు. దుకాణంలోకి వెళ్లగానే “ఇప్పుడు ఏవి వేడిగా ఉన్నాయి?” అని అడిగి, మీరు అనుకున్న రకాన్ని పక్కనపెట్టి వారు చూపించినదాన్ని తీసుకోవడం మంచిది.

రేటింగుల మీద నాకు అంతగా నమ్మకం లేదు. వాటిలో సగం వరుస పొడవు గురించీ, సిబ్బంది మాటతీరు గురించీ, లోపల పెట్టే గుడ్డు, మాంసం గురించీ ఉంటాయే తప్ప రొట్టె గురించి ఉండవు. పైగా అవి త్వరగా పాతబడిపోతాయి. అప్పర్ వెస్ట్ సైడ్‌లోని ఆబ్సల్యూట్ బేగెల్స్ ఏళ్ల తరబడి ఇటువంటి జాబితాల్లో పైవరుసలో నిలిచింది, థాయ్‌లాండ్ నుంచి వలస వచ్చిన వ్యక్తి దాన్ని అంత స్థాయికి తెచ్చారు. కానీ 2024 డిసెంబరులో ఉన్నట్టుండి అది మూతపడింది.

అయినా మొదలుపెట్టడానికి కొన్ని పేర్లు అవసరమే. పాతకాలపు చిన్న, గట్టి బేగెల్ కావాలంటే బ్రూక్లిన్‌లోని పార్క్ స్లోప్‌లో ‘బేగెల్ హోల్’ అనే దుకాణాన్ని చూడండి. పెద్ద బేగెల్‌ను ఇష్టపడేవారికి, 1976లో ఫస్ట్ అవెన్యూలో మొదలైన ఎస్సా బేగెల్ చక్కటి ఉదాహరణ. ఒకటి తింటే పూట గడిచిపోతుంది. ఈ రెండింటికీ నడుమ నిలిచేదిగా, క్వీన్స్‌లోని వైట్‌స్టోన్‌లో 1981 నుంచి నడుస్తున్న యుటోపియా బేగెల్స్‌ను నేను చెబుతాను. అక్కడ చేత్తో చుట్టి, ఉడికించి, 1947 నాటి తిరిగే ఓవెన్‌లో కాలుస్తారు. మీరు ఉంటున్న చోటు నుంచి ఏడో నంబరు రైలులో ఫ్లషింగ్ వరకు వెళ్లి అక్కడ బస్సు ఎక్కాలి. దూరమే అయినా వారాంతంలో ఒక ఉదయం దానికి కేటాయించవచ్చు. మాన్‌హాటన్‌లో, గ్రాండ్ స్ట్రీట్‌లోని కొసార్స్ దుకాణం 1936లో మొదలైంది. అక్కడికి వెళితే బేగెల్‌తో పాటు బియాలీ కూడా కొనండి. రంధ్రానికి బదులు మధ్యలో గుంట ఉండి, అందులో ఉల్లిపాయ నింపి, నీటిలో ఉడికించకుండానే కాల్చే ఈ రొట్టెను బేగెల్ పక్కన పెట్టుకుని తింటే, ఉడికించడం వల్ల ఏమి మారుతుందో వివరణ అవసరం లేకుండానే అర్థమవుతుంది.

ప్రశ్న: న్యూయార్క్ బేగెల్ రుచి అంతా ఇక్కడి నీళ్లలోనే ఉందని మా కార్యాలయంలో అందరూ అంటారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, జెర్సీ సిటీ

జవాబు: కొంతవరకే. నగరానికి నీరు ప్రధానంగా క్యాట్‌స్కిల్, డెలావేర్ పరీవాహక ప్రాంతాల జలాశయాల నుంచి వస్తుంది. అది ఖనిజాలు తక్కువగా ఉండే మెత్తని నీరు. నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే పిండిలోని గ్లూటెన్ (పిండికి సాగే గుణాన్నిచ్చే మాంసకృత్తు) బిగుసుకుంటుంది కాబట్టి నీటి ప్రభావం అసలే లేదని చెప్పలేము. అయితే ఆ తేడాను అనుభవం ఉన్న రొట్టెల మేస్త్రీ పిండి కలిపే తీరుతో సరిదిద్దుకోగలడు. రాత్రంతా పులియనివ్వడాన్నీ, ఉడికించడాన్నీ మానేస్తే మాత్రం ఏ నీరు పోసినా ప్రయోజనం ఉండదు. అదే నీటితో తయారవుతున్న పేలవమైన బేగెళ్లు నగరంలో వీధికొకచోట దొరుకుతున్నాయి కదా.

ప్రశ్న: ఒకే దుకాణంలో ఒకరోజు బేగెల్‌ను కోయకుండా తీసుకుంటే పన్ను వేయలేదు, మరో రోజు కోయించుకుంటే పన్ను వేశారు. పొరపాటు జరిగిందంటారా? అలాగే టోస్ట్ చేయమని అడగడం ఇక్కడ మర్యాద కాదా?
– ఒక పాఠకురాలు, ఆస్టోరియా

జవాబు: పొరపాటు కాదు. న్యూయార్క్ రాష్ట్ర నిబంధనల ప్రకారం కోయని బేగెల్‌ను బయటకు తీసుకువెళితే అది రొట్టె వంటి సరుకు కిందికి వస్తుంది, అమ్మకపు పన్ను ఉండదు. కోసి ఇచ్చినా, ఏదైనా పూసి ఇచ్చినా, అక్కడే కూర్చుని తిన్నా అది వండి వడ్డించిన ఆహారం అవుతుంది కాబట్టి నగరంలో 8.875 శాతం పన్ను పడుతుంది.

టోస్ట్ చేయమనడంలో అమర్యాద ఏమీ లేదు. గ్రెనిచ్ విలేజ్‌లో 1996లో మొదలైన మర్రేస్ బేగెల్స్ చాలా కాలం పాటు టోస్ట్ చేయడానికి ఒప్పుకోలేదు, ఆ తర్వాత కొనుగోలుదారుల మాట మన్నించింది. ఆ పాత పట్టుదలలో న్యాయం ఉందనే నేను అనుకుంటాను. వేడిగా ఉన్న బేగెల్‌ను మళ్లీ కాలిస్తే పైపొరకూ లోపలి భాగానికీ ఉన్న తేడా పోయి అంతా ఒకే తీరుగా కరకరలాడుతుంది. చల్లారిపోయినదైతే టోస్ట్ చేయించుకోవడమే మేలు. వరుసలో మీ వంతు వచ్చేసరికి బేగెల్ రకం, పూయవలసిన క్రీమ్ చీజ్, టోస్ట్ కావాలా వద్దా అనే మూడు విషయాలను ఒకేసారి చెప్పగలిగితే అవతలి మనిషికి అంతకు మించిన మర్యాద ఉండదు. కొన్ని దుకాణాలు నగదు మాత్రమే తీసుకుంటాయి కనుక చేతిలో కాస్త డబ్బు ఉంచుకోండి.

ప్రశ్న: మేము శాకాహారులము, గుడ్డు కూడా తినము. బేగెల్ దుకాణంలో మేము ఏమి చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, ఫారెస్ట్ హిల్స్

జవాబు: సంప్రదాయ బేగెల్‌లో పిండి, నీరు, ఉప్పు, ఈస్ట్, మాల్ట్ తప్ప మరేమీ ఉండవు కాబట్టి సాదా, నువ్వుల, గసగసాల, ఉల్లిపాయ రకాలు సాధారణంగా మీకు సరిపోతాయి. పసుపు రంగులో కనిపించే ‘ఎగ్ బేగెల్’ను మాత్రం విడిచిపెట్టండి. కొన్నిచోట్ల ‘ఎవ్రీథింగ్’ మిశ్రమాన్ని ఎగ్ బేగెల్ మీద కూడా అద్దుతారు కనుక రంగు చూసి అడగండి. యూదుల ఆహార నియమాలను పాటిస్తూ పాల పదార్థాలు అమ్మే కోషర్ దుకాణాల్లో మాంసం అసలు ఉండదు. ఈ సౌకర్యం మీకు బాగా ఉపయోగపడుతుంది. అయితే ఆ నియమాల్లో చేపా గుడ్డూ మాంసం కిందికి రావు, అందువల్ల అవి రెండూ అక్కడ ఉంటాయి. అద్దాల పెట్టెలో వరుసగా పెట్టిన క్రీమ్ చీజ్‌లలో గులాబీ రంగులో ఉన్నది చాలావరకు పొగబెట్టిన సాల్మన్ చేప కలిపినది. ఒకే కత్తితో అన్నిటినీ పూసే అలవాటు ఉంటుంది గనుక కడిగిన కత్తి వాడమని చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు. మాంసం కూడా అమ్మే దుకాణమైతే, బేకన్ (పంది మాంసం) వేయించిన పెనం మీద మీ బేగెల్‌ను వేడి చేయవద్దని ముందే చెప్పడం అవసరం. ఉల్లికాడలు కలిపిన క్రీమ్ చీజ్‌తో నువ్వుల బేగెల్‌ను నేను ప్రత్యేకంగా సిఫారసు చేస్తాను. పాలు కూడా వద్దనుకునేవారికి చాలా దుకాణాల్లో క్రీమ్ చీజ్‌కు బదులు టోఫూతో (సోయా పాలను విరిచి చేసేది) చేసిన పూత దొరుకుతుంది.

ప్రశ్న: పన్నెండు కొంటే పదమూడోది ఉచితంగా ఇచ్చారు. కానీ మర్నాటికి అన్నీ గట్టిపడ్డాయి. ఫ్రిజ్‌లోనే పెట్టాము. ఎలా నిలువ చేయాలి?
– ఒక పాఠకురాలు, వైట్ ప్లెయిన్స్

జవాబు: ఫ్రిజ్‌లో పెట్టడమే కారణం. రొట్టెలోని పిండిపదార్థం గది వేడిమిలో కన్నా ఫ్రిజ్ చలిలో వేగంగా గట్టిపడుతుంది. ఆ రోజు తినగలిగినన్ని కాగితపు సంచిలోనే బయట ఉంచండి. మిగిలినవాటిని పూర్తిగా చల్లారాక, అదే రోజున, గాలి చొరబడని సంచుల్లో ఫ్రీజర్‌లో పెట్టండి. మర్నాటి వరకు ఆగితే బిరుసెక్కిన బేగెల్‌నే గడ్డకట్టించినట్టు అవుతుంది. తినేటప్పుడు బయటకు తీసి, మెత్తబడ్డాక పైన నీళ్లు చిలకరించి, 175 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో ఐదు నుంచి పది నిమిషాలు ఉంచితే పైపొర మళ్లీ బిగుస్తుంది. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే మాత్రం రెండు నిమిషాలు మెత్తగా ఉండి, ఆ వెంటనే నమలలేనంత గట్టిపడుతుంది. ఉదయం పూట తీరిక ఉండదనుకుంటే ఫ్రీజర్‌లో పెట్టడానికి ముందే రెండుగా కోసి ఉంచుకోండి, ఆ ముక్కలను కరగనివ్వకుండా నేరుగా టోస్టర్‌లో వేయవచ్చు.